డాబా మీద కయాక్ కమిటీ

నీళ్ళు తగలని పడవలో కూర్చుని ఏడాది పాటు పడవ మాటలు తయారుచేసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే ఉంటారు. అందులో మొదటివాణ్ణి నేను. రెండో ఆయన ఆ పని ఎందుకు చేస్తున్నాడో ఆయనకు తెలుసు. కాబట్టి ఈ వ్యవహారంలోని తెలివితక్కువతనమంతా నా ఒక్కడి పేరు మీదే రాసుకోవాలి. పంపకాల్లేవు.

కయాక్ అంటే సన్నగా, పొడుగ్గా ఉండే చిన్న పడవ. అందులో కాళ్ళు ముందుకు చాపుకుని కూర్చోవాలి. రెండు కొసలా రెక్కలున్న తెడ్డును అడ్డంగా పట్టుకుని ఇటొకసారి, అటొకసారి నీళ్ళు వెనక్కి తొయ్యాలి. పడవ ఎక్కాలనుకునేవాడికి ఇంతకంటే ఎక్కువ తెలియనక్కర్లేదు. మేం ఎక్కువ తెలుసుకుని చెడ్డాం.

తార్నాకలో ఒక సందు లోపల మా అపార్ట్‌మెంటు. నేను మూడో అంతస్తు, ఆయన నాలుగు. ఇద్దరం అక్కడి నుంచి నడిచిపోయే దూరంలో ఉన్న యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పేవాళ్ళం. ఆయన భూగర్భశాస్త్రం, నేను తెలుగు. ఆయన రాళ్ళు తవ్వితే నేను మాటలు తవ్వేవాణ్ణి. రెండింటికీ విద్యార్థులు అంతంతమాత్రమే. ఆయనది గోదావరి పక్కన ఊరు. నాది ఇటుపక్క, మక్కలూ పత్తీ పండే ఊరు. ఆయన నన్ను "మాస్టారూ, మీరు" అనేవాడు. నేను ఆయన్ని "అన్నా, నువ్వు" అనేవాణ్ణి. మొదట్లో ఆ "నువ్వు" వినపడ్డప్పుడల్లా ఆయన కొంచెం ఉలిక్కిపడేవాడు. మా దగ్గర అది ప్రేమ అని తెలిశాక అలవాటుపడ్డాడు గానీ తిరిగి "నువ్వు" అనడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

ఒక సాయంత్రం క్యాంపస్‌లో నడుస్తుంటే ఆటల విభాగం వాళ్ళ గోదాం ముందు పాత సామాను వేలం వేస్తున్నారు. విరిగిన హర్డిళ్ళు, గాలిపోయిన బంతులు, తుప్పు పట్టిన డంబెల్సు. వాటి పక్కన, ఎండకు రంగు వెలిసిన ఎర్ర కయాక్ ఒకటి, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లది. ఏ కాలంలో, ఏ అధికారి మోజు పడి తెప్పించాడో ఎవరికీ గుర్తులేదు. ఆయన దగ్గరికి వెళ్ళి, సంతలో ఎడ్ల వీపు నిమిరినట్టు దాని వీపు నిమిరాడు.

"కొందాం మాస్టారూ."

"కొని ఏం జేస్తవన్నా?"

"కూర్చుందాం."

నేను నవ్వాను. ఆ మాట ఆయన ఎంత నిజంగా అన్నాడో నాకు చాలా కాలం తర్వాత గాని అర్థం కాలేదు.

ట్రాలీ ఆటోలో తెచ్చాం. లిఫ్టులో పట్టదు కనక మెట్ల మీద నుంచి మోయించాం. రెండో అంతస్తు మలుపులో అది ముందుకూ పోదు, వెనక్కీ రాదు. చివరికి ఎదురింటికి సున్నం వేస్తున్నవాళ్ళను బతిమాలితే, తాళ్ళు కట్టి బయటినుంచి డాబా మీదికి లాగారు. కింద నిలబడి చూస్తున్న వాచ్‌మన్, "సార్, వరదలు గిట్ట ఉన్నయా ఏంది?" అని అడిగాడు. మా ఆవిడ పైకి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"గిది పడవనా, పెండ్లిళ్ళల్ల పులిహోర కలిపే గంగాళమా?"

"పడవనే."

"మరి యాడ తేల్తది? వాటర్ ట్యాంకులనా?"

అప్పట్లో నేను క్యాంపస్‌లో పారిభాషిక పదాల కమిటీ ఒకదాంట్లో సభ్యుణ్ణి. ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు తయారుచేయడం దాని పని. దానికొక ఆచారం ఉండేది. ఒక్కో మాట పైకి చదువుతారు. సభ్యుల్లో ఏ ఒక్కరు "అభ్యంతరం" అన్నా ఆ మాట తర్వాతి సమావేశానికి పోతుంది. కారణం చెప్పాలని నియమం లేదు. ప్రతి సమావేశంలోనూ బిస్కెట్లు బాగుండేవి కనక అభ్యంతరాలకు లోటుండేది కాదు. ఆ ఆచారాన్ని డాబా మీదికి మోసుకొచ్చినవాణ్ణి నేనే. పడవ ఎక్కడం ఎలాగూ తెలియదు, ముందు దాని మాటలైనా మన భాషలో ఉండాలి కదా అన్నాను. మాట తేలకుండా పడవ తేలకూడదని తీర్మానం కూడా చదివాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఒప్పుకున్నందుకైనా నాకు అనుమానం రావాల్సింది.

రోజూ సాయంత్రం పడవలోనే సమావేశం. ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో నేను. సందు చివర మెట్రో రైళ్ళు పోతుండేవి. గాలి అటునుంచి వీస్తే మెట్టుగూడ వైపు నుంచి అసలు రైళ్ళ కూత వినపడేది. సిమెంటు డాబా మీద కాళ్ళు చాపుకుని, నీళ్ళున్నట్టు నటించకుండా, చాలా గంభీరంగా కూర్చునేవాళ్ళం. నాకు కనపడేది ఆయన వీపు, మెడ, జుట్టు పల్చబడ్డ నడినెత్తి. ఏడాది పాటు నేను వాదించింది ఆ నడినెత్తితోనే.

"కయాక్‌ను పుట్టి అందామన్నా. మా దిక్కు ఏరు దాటాల్నంటే పుట్టే."

"అభ్యంతరం. పుట్టి గుండ్రంగా ఉంటుంది మాస్టారూ. వదిలేస్తే ఉన్నచోటే తిరుగుతుంది. ఇది తిన్నగా పోయే జాతి. దోనె అనండి."

"దోనె అంటే మా ఇంట్ల ఎవ్వలకు తెల్వది. ఆకుదొప్ప అనుకుంటరు."

"మీ ఇంట్లో గంగాళం అనుకున్నారుగా. దానికన్నా నయమే."

కయాక్ తర్వాతి సమావేశానికి పోయింది. తెడ్డు ఒక్కటే మొదటి రోజు ఏకగ్రీవంగా నెగ్గింది. అదీ మా ఆవిడ, "తెడ్డంటే గట్క గెలికేది కాదా?" అని మెట్ల దగ్గర నుంచి అడ్డుపడితే, ఇంట్లోవాళ్ళకు ఓటు లేదని తీర్మానించాకే. పడవ ముందు కొసకు నేను ముక్కు అన్నాను, వెనక కొసకు తోక. ఆయన అణియం, అమరం అన్నాడు. ఆ మాటలు ఆయన చిన్నప్పుడు రేవులో పడవ నడిపే సరంగుల నోట విన్నవే అనుకుని గౌరవంగా రాసుకున్నాను. అవి నిఘంటువులోనూ ఉంటాయి. ఆ నిఘంటువు రోజూ నా బల్ల మీదే ఉండేది.

ఫోన్లో వీడియోలు చూసి తెడ్డు వేసే తీరులకు కూడా పేర్లు పెట్టాం. పడవ తిప్పడానికి తెడ్డును వెడల్పుగా అర్ధచంద్రాకారంలో లాగడం ఒకటుంది. దానికి నేను ఊడ్పు అన్నాను. "బాగుంది మాస్టారూ, వాకిలి కనపడుతోంది," అని మురిసిపోయాడు. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు తెడ్డు రెక్కను నీళ్ళ మీద చదునుగా ఆన్చి నిలదొక్కుకోవడం ఇంకొకటి. దానికి ఆయన ఆనిక అన్నాడు. ఎంత మంచి మాటో. నా అన్నేళ్ళ తెలుగు కొలువులో అలాంటి మాట నేనొక్కటీ తయారుచేయలేదు.

అలా ఒక్కొక్కటే తేలుతూ వచ్చి, చివరికి ఒక్క మాట మిగిలింది. పడవ తిరగబడటం.

"బోల్తా. అయిపాయె," అన్నాను.

"అభ్యంతరం."

"ఎందుకన్నా?"

"అది లారీలకి."

"తలకిందులు."

"అది మనుషులకి."

"సరే, తిరగబాటు అందాం."

"అది రాజకీయం మాస్టారూ. క్యాంపస్‌లో ఉన్నాం, జాగ్రత్త."

నవ్వుకున్నాం. మర్నాడు మళ్ళీ అదే మాట, మళ్ళీ అభ్యంతరం. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది. ఆ ఒక్క మాట తేలలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన పడవ అంచుల్ని రెండు చేతులా పట్టుకునేవాడు. వెనక నుంచి నాకు ఆ చేతులు బాగా కనపడేవి. వాదనకు సర్దుకుని కూర్చుంటున్నాడనుకున్నాను. ఎదురుగా కూర్చుని ఉంటే ముఖం చూసేవాణ్ణి. ముఖం చూసి ఉంటే, పైరు వాడిపోతే దూరం నుంచే తెలుసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు తెలిసేదే. కానీ ఆ పడవలో ఎదురుబొదురు సీట్లు లేవు.

నాకేమో తొందర మొదలైంది. నేను బావిలో ఈత నేర్చినవాణ్ణి. నడుముకు బెండు కట్టి మా చిన్నాయన పైనుంచి తోసేస్తే, తిట్టుకుంటూ తేలినవాణ్ణి. పడవ కళ్ళముందుండి నీళ్ళలో దిగకపోవడం నాకు నామోషీగా ఉండేది. క్యాంపస్‌లో అందరూ అడిగేవాళ్ళు, మీ పడవ ఎంతదాకా వచ్చింది సార్ అని.

అలాగే ఒకరోజు స్టాఫ్ రూములో ఎవరిదో వీడ్కోలు టీ జరుగుతోంది. సమోసాలు, చాయ్. మళ్ళీ పడవ మాటెత్తారు. ఆయన నా పక్కనే ఉన్నాడు.

"మా అన్నకు గోదావరంటే మస్తు ప్రేమ," అన్నాను. "దూరంకెల్లి."

గది మొత్తం నవ్వింది. నవ్వు రాగానే ఇంకో మాట అనాలనిపించే జబ్బు నాకుంది.

"రేవుల పుట్టిండు గని, ఇప్పటిదాంక నీళ్ళే ఈయనను చూడలే."

లెక్కలు చెప్పే కుర్ర లెక్చరర్ ఒకాయన లేచి, "అయితే ఈ ఐతారం దింపుదాం సార్. ఊరి బయట చెరువు కాడ కయాక్‌లు నేర్పే క్లబ్బున్నది. మేమందరం వస్తం చూడనీకి," అన్నాడు.

"ఎందుకు రాం, వస్తం," అన్నాను నేను. ఇద్దరి తరఫునా. ఏ కమిటీ నియమం ప్రకారం అన్నానో నాకిప్పటికీ తెలియదు. అభ్యంతరం చెప్పడానికి ఆయనకు సమయమైనా ఇవ్వలేదు. ఆయన నవ్వు ముఖం పెట్టి చాయ్ తాగాడు. ప్లేట్లో సగం కొరికిన సమోసా అలాగే వదిలేశాడు. తిండి వదిలే మనిషి కాదు.

ఆదివారం పొద్దున ట్రాలీ ఆటో గేటు ముందు నిలబడింది. నేను నాలుగో అంతస్తుకు వెళ్ళాను. తాళం. ఫోను చేశాను. మోగింది, మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను, అదే. ఇంతలో చెరువు దగ్గర నుంచి నాకు ఫోన్లు. "సార్, టిఫిన్లు కూడా తెచ్చుకున్నం. యాడిదాంక వచ్చిన్రు?" ఏదో చెప్పి తప్పించుకున్నాను. ట్రాలీని పంపించేశాక మెట్ల మీదే కూర్చుని ఆయనకు మెసేజ్ పెట్టాను: "అభ్యంతరం చెప్పే ధైర్యం కూడా లేనప్పుడు కమిటీ ఎందుకు? రద్దు చేస్తున్నా."

జవాబు రాలేదు. తర్వాత మెట్ల మీద ఎదురైతే, "బాగున్నారా మాస్టారూ," అనేవాడు. అంతే. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలేది. నేనూ బిగుసుకున్నాను. సాయంత్రాలు డాబా ఎక్కడం ఇద్దరం మానేశాం. పడవలో మా ఆవిడ మిరపకాయలు ఎండబోసింది.

ఆ చదువుల సంవత్సరం చివర ఆయన రిటైరయ్యాడు. నగరం ఆ కొసన ఎప్పుడో కొనిపెట్టుకున్న ఫ్లాటుకు మారిపోతున్నామని అపార్ట్‌మెంటు గ్రూపులో అందరికీ కలిపి చెప్పాడు. నాకు విడిగా చెప్పలేదు. సామాను వ్యాను ముందు సీట్లో కూర్చుని ఆయన వెళ్ళిపోయాక, వాళ్ళావిడ మా గిన్నె ఏదో తిరిగిచ్చి పోదామని మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను వదినా అంటాను, ఆమె నన్ను అన్నయ్యగారూ అంటుంది. ఆ చుట్టరికం ఎలా కుదిరిందో మేమెప్పుడూ ఆలోచించలేదు.

"మీరు ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. ఆయనకి ఈత రాదు. నీళ్ళంటే భయం."

"గోదావరి పక్కనే పుట్టిండు కదా వదినా."

"పుట్టారు. రేవులో రెండో మెట్టు దాటనిచ్చేవారు కాదట మా అత్తగారు. మా పెళ్ళికి ఏరు దాటి రావాలి. మగపెళ్ళివారంతా పడవలో వచ్చేశారు. పెళ్ళికొడుకు మాత్రం వంతెన మీదుగా చుట్టూ తిరిగి, ముహూర్తం దగ్గరపడ్డాక చేరారు."

"మరి పడవెందుకు కొన్నడు?"

"నేనూ అదే అడిగాను. డాబా మీదయితే ఎక్కగలనే, అన్నారు." ఆమె గిన్నె నా చేతిలో పెట్టింది. "సాయంత్రం అయితే చాలు, చొక్కా మార్చుకుని మరీ వచ్చేవారు. మీతో చెబుదామని చాలాసార్లు అనుకున్నారు. మీరు నవ్వుతారని..."

గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అందులో కొన్ని సున్నుండలు పెట్టి తెచ్చింది. అవి తినడానికి నాకు వారం పట్టింది.

పడవ ఎక్కాలని పుట్టినప్పటి నుంచీ ఉన్న కోరిక ఆయనది. నీళ్ళు లేని పడవ దొరికితే ఏడాది పాటు అందులో హాయిగా కూర్చున్నాడు. అది చాలదని నీళ్ళు కావాలన్నవాణ్ణి నేను. తిరగబడటం అనే మాట తేలితే పడవ నీళ్ళలో దిగాలి. అందుకే ఆ ఒక్క మాటను తన రెండు చేతులా పట్టుకుని ఆపాడు. ఒక్కసారి నాతో అని ఉంటే నడుముకు బెండు కట్టి, మెల్లగా, తోసెయ్యకుండా నేర్పేవాణ్ణి. కానీ నవ్వేవాడితో ఎవరు చెప్పుకుంటారు? అణియం, అమరం తెలిసిన మనిషి భయం నాకు తెలియలేదు.

ఫోన్లు చేశాను. మోగేవి, ఆగిపోయేవి. క్షమించమని మెసేజ్ రాశాను. చదివినట్టు గుర్తులు పడ్డాయి, అంతే. వదినకు చేస్తే, "చెప్తానండీ," అనేది. ఇలా ఏడాది గడిచింది.

ఈ వానల్లో అపార్ట్‌మెంటు వాళ్ళు పట్టుబట్టారు. పడవలో నీళ్ళు నిలబడి దోమలు పెరుగుతున్నాయట. డాబా మీద ఇన్నాళ్ళకు దాంట్లోకి నీళ్ళు వచ్చాయి. తీసెయ్యండి, లేకపోతే తుక్కుకు వేసేస్తాం అన్నారు. తుక్కులోంచి వచ్చినదాన్ని తుక్కులోకి పంపేముందు ఒక్కసారి చెరువు చూపిద్దామనిపించింది. మళ్ళీ తాళ్ళు, మళ్ళీ ట్రాలీ. బయల్దేరుతుంటే మా ఆవిడ, "ఎట్లాగు బండి పోతున్నది కదా, లాలాపేట్ల బియ్యం బస్తా ఏయించుకోండి," అంది. తిరిగొచ్చేసరికి దుకాణం మూస్తారేమోనని వెళ్ళేటప్పుడే వేయించుకున్నాను.

చెరువు దగ్గర క్లబ్బులో నేర్పే అమ్మాయి లైఫ్ జాకెట్ పట్టీలు లాగి చూసి, "ఒక్కరే పోతరా సార్? ఇది ఇద్దరిది," అంది. పోతానన్నాను. పాత అలవాటు కొద్దీ వెనక సీట్లో కూర్చున్నాను. ముందు సీటు ఖాళీ. నాలుగు తెడ్లు వేశానో లేదో, పడవ ముక్కు గాలిలోకి లేచింది. గాలి దాన్ని పట్టుకుని ఒక పక్కకు తిప్పింది. ఊడ్పు వేశాను, ఇటు తిరిగింది. ఇంకో ఊడ్పు వేస్తే అటు తిరిగింది. ఉన్నచోటే గుండ్రంగా, మా ఊరి పుట్టిలాగ. ముందు సీట్లోంచి "అభ్యంతరం" అనే మనిషి లేడు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు మసకబారాయి. ఒడ్డు మీద అమ్మాయి నేను భయపడుతున్నాననుకున్నట్టుంది.

"సార్, ముందల బరువు లేకపోతే గంతే తిరుగుతది. వాపస్ రండి, ఏమన్న పెట్టుకుందురు."

ఒడ్డుకొచ్చి చుట్టూ చూస్తే ట్రాలీలో బియ్యం బస్తా కనపడింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ముందు సీట్లో నిలబెట్టాం. కమిటీ రోజుల్లో నేను రెండు లైఫ్ జాకెట్లు కొన్నాను. ఆయనది కవరు కూడా విప్పలేదు. దాన్నీ పడవతోపాటే తెచ్చాను, అది తీసి బస్తాకు తొడిగి, పట్టీలు బిగించాను.

ఈసారి పడవ తిన్నగా పోయింది. చెరువు మధ్య దాకా వెళ్ళి తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక నుంచి చూస్తే బస్తా అచ్చం ఆయనలాగే ఉంది. తల ఒక్కటే తక్కువ. మెడలో వేలాడుతున్న ఫోను ఎత్తి ఫొటో తీశాను. ఆయనకు పంపాను. కింద ఇలా రాశాను: "కమిటీలో కొత్త సభ్యుడు. ముందు సీటు మీదే, ఈయన మీరొచ్చేదాకే. ఇప్పటిదాకా ఒక్క అభ్యంతరమూ చెప్పలేదు."

ఆయన్ని మీరు అని రాయడం అదే మొదటిసారి.

తెడ్డు మళ్ళీ అందుకునే లోపలే మెడలో ఫోను మోగింది. ఆయనే. ఏడాది తర్వాత, ఎండలో, నీళ్ళ మీద, నా గుండెకు ఆనుకుని మోగుతోంది. నా వేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది. నా ఫోన్లు అన్నాళ్ళు ఎలా మోగి ఆగిపోయాయో, దాన్నీ అలాగే చివరిదాకా మోగనిచ్చాను. రెండోసారి మోగితే ఎత్తుదామని, మోగేదాకా మాత్రం తెడ్డు నీళ్ళలో పెట్టలేదు.